ఉప్పు ప్యాకెట్ మీద తేదీ: రెండేళ్ల అనుభవం

2023 అక్టోబరులో విశాఖ పెదవాల్తేరులోని ఒక క్లినిక్‌లో నా బీపీ 154/96 వచ్చింది. అప్పటికి నాకు 46 ఏళ్లు. డాక్టరుగారు రోజుకో మాత్ర రాసి, ఉప్పు తగ్గించమన్నారు, నడవమన్నారు. ఎంత తింటున్నామో తెలిస్తేగా తగ్గించడానికి! "ప్యాకెట్ విప్పిన రోజే దాని మీద తేదీ రాసేద్దామండీ" అంది మా ఆవిడ.

మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ లెక్కన నలుగురం ఉన్న మా ఇంట్లో కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి. మొదటిది 27 రోజులకే ఖాళీ. అందులో ఆవకాయకి కొన్న రాళ్ల ఉప్పు లేదు, పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చుకునే ఎండు నెత్తళ్లలోది లేదు, పెరుగన్నంలోకి నంజుకునే చల్లమిరపకాయల్లోది లేదు. అవి కూడా కలిపితే ఎంతవుతుందో అని నిజంగా భయమేసింది.

మొదటి నెల కష్టంగానే గడిచింది. "ఇదేం పప్పు నాన్నా, జ్వరమొచ్చినవాళ్లకి పెట్టినట్టుంది" అనేది మా అమ్మ. పోపులో వెల్లుల్లి పెంచాం, దించాక నిమ్మకాయ పిండాం. నెలన్నరకి నాలుక అలవాటు పడింది. ఇప్పుడు హోటల్ సాంబారు నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయంలా ఉంటోంది. సోడియం తక్కువ ఉప్పు మాత్రం మేం వాడలేదు. అందులో పొటాషియం ఉంటుంది, అమ్మకి కిడ్నీ సమస్య ఉంది. అలాంటివాళ్లున్న ఇంట్లో డాక్టరుని అడగకుండా అది కొనకండి.

పొద్దున్నే ఆర్కే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు కదా, వారానికి ఐదు రోజులు అక్కడే 40 నిమిషాలు నడుస్తాను. మే నెల ఉక్కలో కూడా మానలేదు.

ఇంట్లో బీపీ మిషన్ ఉంది. మొదట్లో పట్టీ నా చేతికి బిగుతై ఎక్కువ చూపించేది, పెద్దది తెప్పించాక సరిపోయింది. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, పాదాలు నేలకి ఆనించి చూసుకుంటాను.

ఎనిమిదో నెలలో 126/80 కనిపించేసరికి నా అంతట నేనే మాత్ర మానేశాను. రెండు వారాల్లో 148/94. మీరు ఆ పని చెయ్యొద్దు. మళ్లీ మొదలుపెట్టి, ఏడాది దాటాక డాక్టరుగారే డోసు సగం చేశారు. ఇప్పుడు 128/82 దగ్గర నిలకడగా ఉంది.

ఆవకాయ పూర్తిగా మానలేకపోయాను. ఆదివారం ఒక్క ముక్క వేసుకుంటాను.

ఇప్పుడు వాడుతున్న ప్యాకెట్ మీద సెప్టెంబరు 2 అని ఉంది. ఈ రోజుకి 47 రోజులు. అడుగున ఇంకా రెండు గుప్పెళ్ల ఉప్పుంది.