వరంగల్‌లో కరోనా తర్వాతి బస్సు: స్టేజీ చుట్టూ ఏముందన్నదే అసలు లెక్క

2020 మే 19న జిల్లాల్లో ఆర్టీసీ బస్సులు మళ్లీ రోడ్డెక్కాయి. అప్పటి నుంచి వరంగల్, హనుమకొండ, కాజీపేటల మధ్య రోజువారీ పనులకు బస్సునే వాడుతున్న అనుభవంతో రాస్తున్న సమీక్ష ఇది. నా అభిప్రాయం ముందే చెప్తాను. మూడు ఊళ్లను కలిపే నడిమి రోడ్డు మీద బస్సు బాగానే కోలుకుంది. ఆ రోడ్డుకు అర కిలోమీటరు దూరం దాటిన కాలనీల్లో కోలుకోలేదు. రెండు చోట్లా బస్సు అదే, చార్జీ అదే. తేడా అంతా స్టేజీ చుట్టూ ఉన్న గల్లీలో, మోరీలో, నీడలో, రోడ్డు దాటే చోటులో ఉంది.

నడిమి రోడ్డంటే వరంగల్ స్టేషన్ నుంచి వరంగల్ చౌరస్తా, ఎంజీఎం ఆసుపత్రి, ములుగు రోడ్డు, హనుమకొండ చౌరస్తా, నక్కలగుట్ట, సుబేదారి, ఫాతిమానగర్ మీదుగా కాజీపేట దాకా. ఇక్కడ లోకల్ బస్సు కోసమే కనిపెట్టుకుని ఉండొద్దు. జనగామ, ఘన్‌పూర్ వైపు పోయే పల్లెవెలుగులు కాజీపేట మీదుగానే పోతాయి. ములుగు, పరకాల బస్సులు ములుగు రోడ్డు పట్టుకుంటాయి. హుజూరాబాద్, కరీంనగర్ బస్సులు కేయూ (కాకతీయ యూనివర్సిటీ), హసన్‌పర్తి దారిలో పోతాయి. ఊరు దాటే ఈ బస్సులే ఊరి లోపల సగం పని చేస్తున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు బోర్డు మీద దూరపు ఊరి పేరు చూసి వదిలేస్తుంటారు, వదిలేయొద్దు. పల్లెవెలుగు అన్ని స్టేజీల్లో ఆగుతుంది, ఎక్స్‌ప్రెస్ పెద్ద స్టేజీల్లోనే ఆగుతుంది. డీలక్స్, సూపర్ లగ్జరీలను ఊరి లోపలి ప్రయాణానికి లెక్కలోకి తీసుకోవద్దు.

కరోనా తర్వాత ఏ స్టేజీకి జనం ముందు తిరిగొచ్చారో చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. ఎంజీఎం స్టేజీ అసలు ఖాళీ కాలేదనే చెప్పాలి. కరోనా రోగులకు ఈ ప్రాంతానికంతటికీ అదే పెద్దాసుపత్రి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి రోగి వెంట వచ్చేవాళ్లకు బండి ఉన్నా పెట్టుకునే చోటు దొరకదు. బస్సు మాత్రం గేటుకు దగ్గర్లోనే దింపుతుంది. తర్వాత కోలుకున్నవి చదువుల స్టేజీలు. 2021 సెప్టెంబరు 1న విద్యాసంస్థలు తెరుచుకున్నాక నయీంనగర్, కేయూ క్రాస్ రోడ్డు, హసన్‌పర్తి దారి మళ్లీ నిండాయి. విద్యార్థి చేతిలో పాస్ ఉంటుంది, బండికి డబ్బు ఉండదు, కాలేజీ రోడ్డు పక్కనే ఉంటుంది. ఈ మూడూ కలిసినచోట బస్సును కరోనా కూడా ఓడించలేదు. అదాలత్, కలెక్టరేట్ ఉన్న సుబేదారి కూడా అంతే, అక్కడి పని ఫోన్‌లో అయ్యేది కాదు.

వెనక్కి రానివాళ్లు ఎవరంటే బట్టలు, చెప్పులు, చిన్న సామాను కొనడానికి వరంగల్ చౌరస్తాకు వచ్చిపోయేవాళ్లు, ప్రైవేటు ఉద్యోగులు. కొనుగోళ్లలో కొంత ఇంటి గుమ్మానికే వచ్చింది. కరోనా కాలంలో నాకు తెలిసిన చాలా ఇళ్లలోకి రెండో బండి వచ్చింది. పక్కవాడి దగ్గు భయం పోయి ఏళ్లయినా బండి ఇంట్లోనే ఉంది. బస్సుకు పోటీ ఇప్పుడు ఆ బండే. కాలనీ నుంచి దాన్ని గెలవాలంటే స్టేజీ దాకా నడక హాయిగా ఉండాలి.

ఆ నడక సంగతే కాస్త వివరంగా చెప్పాలి. అర కిలోమీటరుకు మామూలు నడకలో ఆరేడు నిమిషాలు పడుతుంది. డిసెంబరులో అది లెక్కలోకే రాదు. మే నెల మధ్యాహ్నం చెట్టు లేని సీసీ రోడ్డు మీద అదే నడకకు పెద్దవాళ్లు ఇల్లు కదలరు. ఫుట్‌పాత్‌కు అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెప్తుంది. కాలనీ నుంచి మెయిన్ రోడ్డుకు వచ్చే గల్లీల్లో మోరీ మీది పలకలే ఫుట్‌పాత్. అందులో ఒక పలక లేకపోయినా, షాపు ముందు ర్యాంపు అడ్డం వచ్చినా మనిషి రోడ్డు మీదికి దిగాల్సిందే. చంటిపిల్లతో, సంచితో ఉన్న తల్లి అలా రెండు మూడుసార్లు దిగి ఎక్కాల్సి వస్తే, గల్లీ మొదట్లో నిలబడ్డ ఆటోకు పది రూపాయలు ఇవ్వడమే నయమనుకుంటుంది. ఆమె లెక్కలో తప్పు లేదు.

రెండో చిక్కు డివైడర్‌ది. నడిమి రోడ్డు చాలా మేర డివైడర్‌తో ఉంది. పొద్దున బస్సు ఎక్కేది ఇటువైపు అయితే సాయంత్రం దిగేది అటువైపు. దాటే సందు దూరంగా ఉంటే జనం డివైడర్ ఎక్కి దూకుతారు, వయసు మళ్లినవాళ్లు దూకలేరు. ఏ కాలనీ నుంచైనా బస్సు పనికొస్తుందో లేదో తేల్చుకోవాలంటే పొద్దున పోయేటప్పుడు చూసుకుంటే సరిపోదు. సాయంత్రం ఏడు గంటలకు తిరుగు దారిలో దిగి, రోడ్డు దాటి, ఇంటిదాకా నడిచి చూడాలి. దీపాలు ఎక్కడ వెలగట్లేదో, కుక్కలు ఎక్కడుంటాయో, ఏ మలుపు దగ్గర బండ్లు ఎదురుగా వస్తాయో అప్పుడే తెలుస్తుంది.

ఇక స్టేజీ. బస్సు పొడవు పదకొండు, పన్నెండు మీటర్లు. ప్యాసింజర్ ఆటో పొడవు రెండున్నర మీటర్ల పైచిలుకు. స్టేజీ ముందు నాలుగు ఆటోలు వరుసగా నిలిస్తే బస్సుకు చోటు లేనట్టే. అప్పుడు డ్రైవరు రోడ్డు మధ్య వరుసలోనే ఆపుతాడు. మనం ఫుట్‌పాత్ దిగి, ఆటోల సందులోంచి దూరి, నేల నుంచి ఎత్తైన మొదటి మెట్టు ఎక్కాలి. ఫుట్‌పాత్ అంచును ఆనుకుని బస్సు ఆగితే ఆ మెట్టు ఎత్తు ఫుట్‌పాత్ ఎత్తు మేర తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కగలగడం, ఎక్కలేకపోవడం అనే తేడా అక్కడే పుడుతుంది. పైగా వెనక బండ్లు హారన్ కొడుతుంటాయి, డ్రైవరు తొందరపడతాడు. చౌరస్తాకు ముందు ఉన్న స్టేజీల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే సిగ్నల్ కోసం ఆగిన బండ్లు కూడా అక్కడే ఉంటాయి. స్టేజీని చౌరస్తా దాటాక పెడితే సగం గొడవ తగ్గుతుంది. అప్పటిదాకా నా సలహా ఒకటే. చౌరస్తా మొదట్లో కాకుండా వీలైతే ఒక స్టేజీ వెనక్కి నడిచి ఎక్కండి, సీటు కూడా దొరుకుతుంది.

రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి, తర్వాత చాలాసేపు ఒక్కటీ రాకపోవడం అందరూ తిట్టుకునే విషయం. ముందు బస్సు ఎంజీఎం దగ్గర ఎక్కువ మందిని ఎక్కించుకుంటుంది, ఆలస్యమవుతుంది. ఆలస్యమైన కొద్దీ తర్వాతి స్టేజీలో ఇంకా ఎక్కువ మంది పోగవుతారు. వెనక బస్సుకు ఎక్కేవాళ్లు ఉండరు కాబట్టి అది ముందుదాన్ని అందుకుంటుంది. పది నిమిషాలకొకటి సరిగ్గా వస్తే సగటున ఐదు నిమిషాలు ఎదురుచూస్తాం. అవే బస్సులు ఇరవై నిమిషాలకు రెండు చొప్పున జంటగా వస్తే సగటు పది నిమిషాలవుతుంది. అంటే బస్సుల సంఖ్య తగ్గకుండానే నిరీక్షణ రెట్టింపు. కిక్కిరిసిన బస్సు వచ్చినప్పుడు దాని వెనక చూడండి, చాలాసార్లు రెండోది ఖాళీగా కనిపిస్తుంది.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక నడిమి రోడ్డు రూపమే మారింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో తెలంగాణ మహిళలకు చార్జీ లేదు. రాష్ట్రంలోని చిరునామా ఉన్న అసలు గుర్తింపు కార్డు చూపాలి, జిరాక్సు కాగితం, ఫోన్‌లో ఫొటో చెల్లవు. చార్జీ లేకుండా ఇచ్చే జీరో టికెట్ తప్పకుండా తీసుకోవాలి, ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించే సొమ్ముకు ఆ టికెట్లే లెక్క. కరోనా వల్ల పోయిన ప్రయాణికుల కంటే ఎక్కువమందిని ఈ దారిలో ఈ ఒక్క మార్పు తెచ్చిందని నా నమ్మకం. రెండు స్టేజీల దూరానికి షేర్ ఆటో ఎక్కిన ఆడవాళ్లు బస్సు కోసం ఆగుతున్నారు. ఆటోవాళ్ల రాబడి దెబ్బతిన్నది, ఆ బాధ నిజమైనది. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదింటి దాకా నిలబడే చోటు కూడా ఉండదు. చార్జీ కట్టే మగవాళ్లలో కొందరు విసిగి మళ్లీ బండి తీశారు. కాలనీల పరిస్థితి మాత్రం మారలేదు. రంగశాయిపేట లోపలి వీధుల్లోనో, దేశాయిపేట అవతలి గల్లీల్లోనో ఉన్న ఆడమనిషి ఉచిత బస్సు అందుకోవడానికి ముందు ఆటోకు డబ్బిస్తోంది.

వాన గురించి చెప్పకపోతే వరంగల్ సమీక్ష పూర్తి కాదు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో ఊరు మునిగింది. బొందివాగు పొంగితే హంటర్ రోడ్డును నమ్మొద్దు. గట్టి వాన పడితే రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి, కరీమాబాద్, శివనగర్ వైపువాళ్లకు దారి తెగినట్టే. అలాంటి రోజు దగ్గరి దారి వెతక్కుండా ములుగు రోడ్డు మీదుగా పోయే బస్సే ఎక్కాలి. వానకు కిటికీలన్నీ మూసేస్తే లోపల గాలి ఆడదు. ముందు ఒకటి, వెనక ఒకటి రెండు వేళ్ల సందు తెరిచి ఉంచమని కండక్టరును అడగండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు మాస్కు పెట్టుకోవడం ఇప్పటికీ మంచిదే.

కాజీపేట, వరంగల్ స్టేషన్ల మధ్య పది కిలోమీటర్ల దూరానికి రైలు కూడా ఉంది. కరోనాలో ప్యాసింజర్ రైళ్లను ఎక్స్‌ప్రెస్ స్పెషల్‌గా నడిపినప్పుడు కనీస చార్జీ 10 నుంచి 30 రూపాయలైంది. 2024 ఫిబ్రవరి చివర్లో మళ్లీ 10కి దిగింది. ఆ మధ్యకాలంలో అలవాటు తప్పినవాళ్లు చాలామంది ఇంకా తిరిగి చూడలేదు. ఒక్కసారి వేళలు చూసుకోండి. వరంగల్ స్టేషన్ బయటకు రాగానే చౌరస్తా నడక దూరమే, అందుకే అటువైపు పని ఉన్నవాళ్లకు రైలు కుదురుతుంది. హనుమకొండలో పని ఉంటే కుదరదు, రెండు స్టేషన్లూ అక్కడికి దూరమే.

గది అద్దెకు తీసుకునే విద్యార్థులకు, కొత్తగా ఉద్యోగానికి వచ్చినవాళ్లకు ఒక మాట. నెలకు ఐదొందలు తక్కువని లోపలి కాలనీలో గది పట్టుకుంటే, రోజూ పోను పది, రాను పది ఆటోకే పోతుంది. ఇరవై ఐదు పనిరోజులకు అది సరిగ్గా ఐదొందలు. రాత్రి తొమ్మిది దాటితే బస్సులు పలచబడతాయి. హైదరాబాద్ నుంచి వచ్చేవి హనుమకొండ బస్టాండు చేరడానికి కాజీపేట దారినే వస్తాయి కాబట్టి ఆ వైపువాళ్లకు కొంత ఊరట. వరంగల్ అవతలివాళ్లు మాత్రం చివరి బస్సు వేళను హనుమకొండ బస్టాండు విచారణ కౌంటర్‌లో అడిగి రాసుకోవాలి, సెలవు రోజుల్లో అది వేరుగా ఉంటుందేమో అదీ అడగాలి.