లిట్ లకారం వెతుక్కుంటూ ఫ్రాన్స్‌లో ఎనిమిది రోజులు

పారిస్‌లో దిగి, ఐఫిల్ టవర్ వైపు కూడా వెళ్లకుండా అదే రోజు దక్షిణానికి రైలెక్కేశాం. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ దెప్పుతూనే ఉంది. మేం వెళ్లింది రాళ్లు చూడటానికి. రోమన్లు రాకముందూ, వచ్చాక కొన్ని వందల ఏళ్లూ అక్కడ గాలిష్ అనే కెల్టిక్ భాష మాట్లాడేవారు. ఐరిష్‌కి దగ్గరి చుట్టం, సంస్కృతానికి దూరపు చుట్టం. మిగిలిన శాసనాల్లో ఎక్కువ భాగం ఉత్త పేర్లే. క్రియాపదం ఉన్న వాక్యం దొరికిందంటే పండగే. చిన్నప్పుడు మా తాతయ్య వల్లెవేయించిన సంస్కృత ధాతురూపాలు, అందులోనూ ఎప్పుడో జరిగిపోయినదాన్ని చెప్పే లిట్ లకారం, ఆ రాళ్ల దగ్గర పనికొస్తాయని చదివినప్పటి నుంచి ఈ ప్రయాణం నా మనసులో ఉంది.

మొదటి మజిలీ అవిన్యోన్. పారిస్ నుంచి వేగంగా వెళ్లే రైలు రెండు గంటల నలభై నిమిషాల్లో దింపుతుంది. కాకపోతే ఆ స్టేషన్ ఊరి బయట ఉంటుంది. అక్కడి నుంచి ఐదు నిమిషాల చిన్న రైలు పట్టుకుని పాత ఊరి స్టేషన్‌కి రావాలి. పాత కోటగోడ లోపలే గది తీసుకున్నాం. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెట్లు మెలికలు తిరిగి ఉన్నాయి. పెద్దవాళ్లతో వెళ్తే గోడ బయటే దిగండి. అయితే లోపల ఉంటే అన్నీ నడిచే దూరం, ఆ సుఖం వేరు.

శిలాశాసనాల మ్యూజియం ప్రధాన వీధిలోనే, పాత జెసూట్ ప్రార్థనామందిరంలో ఉంది. టికెట్ లేదు, జనమూ లేరు. 1840లో వేజోన్ అనే ఊళ్లో దొరికిన రాయి చూడాలని వెళ్లాం. అక్షరాలు గ్రీకువి, భాష గాలిష్. విల్లోనోస్ కొడుకు సెగోమారోస్, నీమ్ ఊరివాడు, బెలిసామా దేవతకి ఈ నెమెతోన్‌ని, అంటే ఈ పవిత్రస్థలాన్ని, 'ఎయోరు'. సమర్పించాడు అని అర్థం. రోమన్ లిపిలో రాసిన చోట ఇదే మాట 'యెఉరు' అని కనిపిస్తుంది.

ఎక్కువమంది ఒప్పుకునే వ్యుత్పత్తి ఇది: మూలం 'పె-పోర్', ఇవ్వడం అనే అర్థమున్న ధాతువుకి ద్విత్వం, అంటే మొదటి హల్లు ఇంకోసారి ముందు చేరడం. మన చకార (చేశాడు), బభూవ (అయ్యాడు), దదౌ (ఇచ్చాడు) ఎలా పుట్టాయో అలాగే. లిట్ లకారమన్నమాట. మరి 'ప' ఏమైంది? కెల్టిక్ భాషల్లో పాత పకారం దాదాపు అన్నిచోట్లా రాలిపోయింది. సంస్కృతంలో పితృ, లాటిన్‌లో పాతెర్, ఐరిష్‌లో 'అథిర్'. మనకి ఇది వింతేం కాదు. మన పాలు, పులి కన్నడంలోకి వెళ్లేసరికి హాలు, హులి అయ్యాయి. కెల్టులు ఆ హకారాన్ని కూడా వదిలేశారు, అంతే తేడా. రెండు పకారాలూ పోతే పె-పోర్‌లో మిగిలేది ఎ-ఓర్. పాత ఐరిష్‌లో 'ఇచ్చాడు' అనే అర్థంలో ఉన్న 'రో-ఈర్' దీని చుట్టమే. గుడి కట్టించడం, చెరువు తవ్వించడం లాంటివాటిని మనవాళ్లు ఇష్టాపూర్తం అంటారే, అందులోని పూర్తం కూడా ఈ ధాతువుదేనంటారు. ఒకాయన దేవతకి స్థలం రాసిచ్చిన రాయి ముందు నిలబడి ఆ మాట గుర్తుకు రావడం నాకు భలే అనిపించింది.

"ఏవండీ, ఈ ఒక్క మాట కోసమా ఇంత దూరం?" అంది మా ఆవిడ. అవునన్నాను. ఇంకేం చెప్పను?

నీమ్‌కి అక్కడి నుంచి రైల్లో దాదాపు అరగంట. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చాం. 2018లో తెరిచిన రోమన్ మ్యూజియం సరిగ్గా పాత రోమన్ అరీనాకి, అంటే గుండ్రటి క్రీడాప్రాంగణానికి, ఎదురుగా ఉంది. వసతుల లెక్కన ఈ యాత్రలో దీనికే మొదటి మార్కు: లిఫ్టులు, కుర్చీలు, శుభ్రమైన టాయిలెట్లు, పైకెక్కితే ఊరంతా కనిపించే డాబా. శాసనాల లెక్కన కూడా నా ఓటు ఈ ఊరికే. ఇక్కడి గాలిష్ శాసనాల్లో 'దెదె మాత్రెబో నమౌసికాబో' అనే మాటలున్నాయి. నీమ్ ఊరి తల్లులకి ఇచ్చాడు, అని. మాత్రెబో చదవగానే మాతృభ్యః అని నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. చతుర్థీ బహువచనం!

'దెదె'లో ఒక చిక్కుంది. ఇది దదౌనా, దధౌనా? ఇచ్చాడా, పెట్టాడా? కెల్టిక్‌లో 'ద', 'ధ' కలిసిపోయాయి కాబట్టి రూపం చూసి తేల్చలేం. ధర అని రాసి దర అని పలికే మనకి ఈ ఇబ్బంది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

భోజనం గురించి: నీమ్‌లో పేరున్న వంటకం ఉప్పుచేపతో చేసేది. శాకాహారులకి రొట్టె, చీజ్, సలాడ్‌తోనే సరి.

నీమ్ నుంచి క్లెర్మోన్-ఫెరాన్‌కి సెవెన్ (Cévennes) అనే కొండల్లోంచి వెళ్లే పాత రైలు మార్గం ఉంది. ఐదు గంటలు పడుతుంది. సొరంగాలు, వంతెనలు, అలియే నది లోయ. రోడ్డున పోతే తొందరగా చేరతారేమో గానీ పోకండి. మా ఆవిడ ఐఫిల్ టవర్ సంగతి ఎత్తకుండా గడిపిన ఐదు గంటలవి.

క్లెర్మోన్‌లో మాత్రం రాత్రి తిప్పలు పడ్డాం. స్టేషన్ దగ్గర బుక్ చేసుకున్న హోటల్లో ఎనిమిదింటికే రిసెప్షన్ మూసేశారు. తలుపు కోడ్ మెసేజ్‌లో వస్తుందన్నారు, రాలేదు. ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. సూట్‌కేసుల మీద కూర్చుని టెన్షన్ పడుతుంటే, లోపల దిగినాయన ఎవరో సిగరెట్ కాల్చుకోడానికి బయటికొచ్చి మమ్మల్ని లోపలికి రానిచ్చాడు. చిన్న ఊళ్లలో గది తీసుకునేటప్పుడు రిసెప్షన్ ఎన్నింటి వరకు ఉంటుందో ముందే అడిగి పెట్టుకోండి. మర్నాడు మధ్యాహ్నం లె పుయీ పచ్చ పప్పు దొరికింది. తాలింపు లేకపోయినా పప్పు పప్పే.

ఊరి కెథెడ్రల్ అగ్నిపర్వతపు నల్లరాయితో కట్టింది, దూరం నుంచి మసిబారినట్టు ఉంటుంది. బార్గ్వాన్ మ్యూజియంలో ఉన్న, గాలిష్ రాత చెక్కిన షమాలియేర్ సీసపు రేకు కోసమే ఈ ఊరు వచ్చాం. 1971లో ఊరి పక్కనే ఒక ఊటలో, మొక్కుబడి కింద వేసిన వేల కొద్దీ చెక్క బొమ్మల మధ్య దొరికింది. పొడవు ఆరు సెంటీమీటర్లు, వెడల్పు నాలుగు. పన్నెండు పంక్తులు, గొలుసుకట్టు రోమన్ రాత. కళ్లజోడు మార్చుకుని వంగి చూసినా నాకు గీతలే కనిపించాయి. మొక్కుకున్న కాళ్లూ చేతులూ మాత్రం మా ఆవిడకి వెంటనే అర్థమయ్యాయి. "తిరుపతి హుండీలో వేసే వెండి కాళ్లలాంటివేగా?" అంది. అంతే.

రేకులో మొదటి పంక్తి క్రియ 'వెదియుమి'. ప్రార్థిస్తున్నాను, అని. చివర ఉన్న 'మి' మన నమామి, వదామిలోదే. తెలుగువాడికి ఇక్కడ 'వేడెదను' గుర్తొచ్చి తీరుతుంది. నాకూ వచ్చింది. కానీ అది వట్టి కాకతాళీయం. మన వేడు తమిళ వేండు తోబుట్టువు, ద్రావిడపు మాట. చెవికి ఒకేలా వినిపిస్తే చుట్టరికం కలిపేసే జబ్బుకి ఈ రేకు మంచి మందు. అందులోనే 'తోంక్సియోంతియో' అని ఇంకో క్రియ ఉంది. 'తోంగ్' అంటే ఒట్టు పెట్టడం, 'సియోంతి' మన కరిష్యంతి (చేయబోతారు)లోని ష్యంతి, చివరి 'యో' 'ఎవరైతే' అని చెప్పే సంస్కృత యచ్ఛబ్దానికి చుట్టం. ఒట్టు పెట్టబోయేవాళ్లు, అని. ఒక్క క్రియలో కాలం, పురుష, సంబంధం మూడూ.

చివరిది అలీజ్-సేంత్-రేన్. లియోన్, దిజోన్ మీదుగా రైళ్లు మారుతూ దాదాపు రోజంతా పట్టింది. క్రీ.పూ. 52లో రోమన్ సేనాని సీజర్ గాలిష్ నాయకుడు వెర్సింజెటోరిక్స్‌ని ముట్టడించిన కొండ ఇదే. కొండ కింద 2012లో తెరిచిన గుండ్రటి కేంద్రమంతా యుద్ధం గురించే. పిల్లలకి బాగుంటుంది, నేను గంటలో బయటికొచ్చేశాను. కొండ మీది పాత ఊరి శిథిలాలు మాత్రం వదలొద్దు. 1839లో ఈ కొండ మీదే దొరికిన శాసనంలో మార్షియాలిస్ అనే అతను ఉకుయేతిస్ దేవుడికి ఒక కట్టడాన్ని 'యెఉరు'. అవిన్యోన్‌లో చూసిన క్రియే మళ్లీ. దానితోపాటు 'గొబెద్బి దుగియోంతియో', అంటే ఆ దేవుణ్ణి కొలిచే కమ్మరులతో కలిసి. 'బి'లో మన మునిభిః (మునులతో) వినిపిస్తుంది. 'కొలిచే' అని మనం క్రియ చివరే సంబంధం తగిలిస్తామే, వాళ్లూ 'దుగియోంతి'కి 'యో' తగిలించి అదే పని చేశారు.

ఉకుయేతిస్ పేరు పెట్టిన కట్టడం పునాదులూ, దాని నేలగదీ అక్కడే ఉన్నాయి. ఎండలో గంటన్నర తిరిగాం. నీడ తక్కువ, నీళ్లు పట్టుకెళ్లండి. స్టేషన్ నుంచి నడవగలిగిన దూరమే గానీ సామానుతో వద్దు. పక్కనున్న ఫ్లావిన్యీ అనే ఊళ్లో సోంపు గింజ చుట్టూ పంచదార పట్టించిన మిఠాయి చేస్తారు, మన పంచదార పూసిన సోంపుకి అన్నలాంటిది. నాలుగు డబ్బాలు కొన్నాం.

తర్వాత చూడాల్సింది ఇటలీలోని తోదీ ఊరి రాయి. లాటిన్, గాలిష్ రెండూ పక్కపక్కనే ఉన్న సమాధి శాసనం. అందులోని క్రియ 'కర్నితు', రాళ్లు పేర్చి సమాధి కట్టాడు, అని. ఆ రాయి వాటికన్ మ్యూజియంలో ఉంది. రోమ్ అనగానే మా ఆవిడ వెంటనే సరేనంది, రాయి సంగతి నేనింకా చెప్పలేదు.