కట్టడం ఆపిన రోజున ఏం మిగులుతుంది? డీటీపీ సెంటర్‌కు, ఇంటికి ఏ సాఫ్ట్‌వేర్ మేలు

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ కంప్యూటర్ దుకాణంలోనైనా పాత సిస్టమ్‌ను ఫార్మాట్‌కు ఇస్తే, మొదట వినిపించే ప్రశ్న ఒకటుంది: “అన్నా, లైసెన్స్‌ది వేయాల్నా, మామూలుది వేయాల్నా?” మామూలుది అంటే క్రాక్ చేసిన (లైసెన్స్ లేకుండానే నడిచేలా మార్చిన) విండోస్, దాంతోపాటు క్రాక్ చేసిన ఆఫీస్, అడిగితే ఫోటోషాప్ కూడా. జవాబు చెప్పేటప్పుడు మనలో చాలామంది చూసేది ఆ పూట జేబులోంచి పోయే డబ్బును మాత్రమే. నేను అడిగి చూడమనేది వేరే ప్రశ్న. డబ్బు కట్టడం మనం ఆపిన రోజున, లేదా ఆ సాఫ్ట్‌వేర్‌ను కంపెనీయే వదిలేసిన రోజున, అప్పటిదాకా మనం చేసిన పని మన చేతిలో ఉంటుందా? క్రాక్, ఒకేసారి కొనుగోలు, చందా, ప్రకటనలతో వచ్చే ఉచితం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే అయిదు దారులనూ ఈ ఒక్క ప్రశ్నతో తూచి చూద్దాం. కాకతీయ విశ్వవిద్యాలయం దగ్గరి డీటీపీ సెంటర్‌నూ, కాలేజీకి పోయే పిల్లలున్న ఇంటినీ దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను.

ఈ తూకం ఇప్పుడు తప్పనిసరి కావడానికి కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆఫీస్ 2016, ఆఫీస్ 2019లకూ అదే ఆఖరి తేదీ. ఇళ్లలో వాడుకునేవారికి ఇచ్చిన అదనపు భద్రతా అప్‌డేట్ల గడువు కూడా 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11 వేసుకుందామంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ తరవాతిదో కావాలి. చిన్న సెంటర్లలో పొద్దున్నుంచి రాత్రి వరకు నడిచే యంత్రాలు చాలా వరకు అంతకన్నా పాతవి. పనికి ఏ లోటూ లేకుండా నడుస్తున్న కంప్యూటర్‌ను పక్కన పడేయాలా, క్రాక్‌తో విండోస్ 11ను బలవంతంగా ఎక్కించాలా, మరో దారి పట్టాలా అన్నది ఇవాళ నిజంగానే తేల్చుకోవలసిన విషయం.

క్రాక్ సంగతిని ముందు తేల్చేస్తాను, ఎందుకంటే దాని పక్షాన చెప్పడానికి చవక అన్న ఒక్క మాట తప్ప మరేమీ లేదు. కాపీరైట్ చట్టం, 1957లోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కూడా కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం వాడలేదని తేలినప్పుడు మాత్రం కోర్టు జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టే వీలుంది. ఇంటికి కొంత వెసులుబాటు ఉన్నా, బోర్డు పెట్టుకున్న దుకాణానికి లేదన్నమాట. అంతకన్నా దగ్గరి ప్రమాదం వేరే ఉంది. క్రాక్‌ను పనిచేయించే యాక్టివేటర్ అనే చిన్న ప్రోగ్రామ్ నడవాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపేయమని అదే చెబుతుంది. తలుపు గడియ తీసి పెట్టమని అడిగినవాడు లోపలికి ఏం తెస్తున్నాడో చూసే వీలు ఆ తరవాత మనకు ఉండదు. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగే స్టాప్ అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ముఖ్యంగా ఇలాంటి క్రాక్‌ల వెంటే. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో శుభలేఖల ఫైళ్లన్నీ తెరుచుకోకుండా పోతే, మిగిలిందనుకున్న లైసెన్స్ డబ్బుకు ఎన్నో రెట్లు ఆ ఒక్క వారంలోనే పోతుంది. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు అమ్మే లైసెన్స్ కీలను నేను ఇదే వరుసలో పెడతాను. వాటిలో చాలా వరకు సంస్థలకు గంపగుత్తగా ఇచ్చినవో, మరో యంత్రానికి చెందినవో అయి ఉంటాయి, కాబట్టి కొన్నాళ్లు పనిచేసి ఏదో ఒక రోజు రద్దు కావచ్చు.

ఒకేసారి డబ్బు కట్టి కొనే లైసెన్స్ నా ప్రశ్నకు చాలా వరకు నిలబడుతుంది. ఆఫీస్ 2024ను ఒకసారి కొంటే అది ఒక కంప్యూటర్‌లో శాశ్వతంగా పనిచేస్తుంది. 2029 అక్టోబర్‌లో అప్‌డేట్లు ఆగినా ప్రోగ్రామ్ ఆగదు. అయితే కొనేముందు ఒక సంగతి అడిగి తెలుసుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్‌తోపాటు వచ్చే ఓఈఎం విండోస్ లైసెన్స్ ఆ యంత్రానికే అంటిపెట్టుకొని ఉంటుంది, మదర్‌బోర్డు పోతే దాదాపుగా అదీ పోయినట్టే. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్‌ను మాత్రం పాత యంత్రం నుంచి తీసేసి కొత్తదానికి మార్చుకోవచ్చు. దుకాణదారుడు చెప్పే రెండు ధరల మధ్య తేడాకు ముఖ్యమైన కారణం ఇదే. ఎరువుల దుకాణాల్లోనూ ఏనుమాముల మార్కెట్ అడ్తి దుకాణాల్లోనూ కనిపించే లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీది ఇంకో పద్ధతి. శాశ్వత లైసెన్స్ కొన్నవారు ఏటా కట్టే సేవా రుసుము ఆపితే కొత్త వెర్షన్లు, కొన్ని ఆన్‌లైన్ సౌకర్యాలు ఆగుతాయి కానీ, తమ దగ్గరున్న వెర్షన్‌లో లెక్కలు రాసుకోవడం ఆగదు. చిన్న వ్యాపారికి ఇది న్యాయమైన ఏర్పాటని నేను నమ్ముతున్నాను.

చందా పద్ధతి దగ్గర నాకు అసలైన అభ్యంతరం మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్ 365 చందా ముగిసి కొంత గడువు దాటాక వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరిచి చదువుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, దిద్దడం మాత్రం కుదరదు. ఫోటోషాప్ తయారుచేసే అడోబీ 2013లో, సీఎస్6 వెర్షన్ తరవాత, ఒకేసారి అమ్మే పద్ధతిని మానేసి చందాల్లోకి మారింది. నెలనెలా కట్టే వార్షిక ప్లాన్‌ను మధ్యలో రద్దు చేసుకుంటే వేసే రుసుమును ముందుగా సరిగా చెప్పలేదంటూ అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిఫారసుపై న్యాయశాఖ 2024 జూన్‌లో అడోబీపై దావా వేసింది. కృత్రిమ మేధ సౌకర్యాన్ని కలిపి ధర పెంచి, అది లేని పాత ప్లాన్ ఇంకా ఉందన్న సంగతిని కనపడకుండా ఉంచారంటూ ఆస్ట్రేలియా పోటీ నియంత్రణ సంస్థ 2025 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్‌ను కోర్టుకు లాగింది. ఇంత పెద్ద కంపెనీల చందాల విషయంలోనే ప్రభుత్వ సంస్థలు కోర్టుకు వెళ్లవలసి వచ్చిందంటే, నెలకు కొన్ని వందలే కదా అని ఆటోపే పెట్టుకునే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి. మన దేశంలో కొంత రక్షణ ఉన్న మాట నిజం. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఆటోమేటిక్‌గా డబ్బు కోసుకునే 24 గంటల ముందు సందేశం రావాలి, 15 వేల రూపాయలు దాటితే సాధారణంగా మళ్లీ మన ఆమోదం కావాలి. 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (వెబ్‌సైట్లు, యాప్‌లలో వినియోగదారులను తప్పుదారి పట్టించే ఎత్తుగడలు) మార్గదర్శకాలు చేరడం సులువుగా, బయటపడడం కష్టంగా ఉండే చందా ఉచ్చును అనుచిత పద్ధతుల జాబితాలో చేర్చాయి. అయినా ఆ ముందస్తు సందేశం ప్రకటనల ఎస్సెమ్మెస్‌ల గుంపులో కలిసిపోయి కంటపడకుండానే పోతుంది. చందా ఎవరికీ పనికిరాదని నేను అనను. రోజూ ఫోటోషాప్‌లో ఆల్బమ్‌లు చేసే స్టూడియోకు ఆ ఖర్చు రాబడిలోంచే వస్తుంది. ఏడాదికి నాలుగు సార్లు బయోడేటా దిద్దుకునే ఇంటికి మాత్రం అది శుద్ధ దండుగ.

నాలుగో దారి పైసా ఖర్చు లేనట్టే కనిపిస్తుంది, మన దగ్గర ఎక్కువమంది నడిచేదీ దానిమీదే. స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజుల్లో జిరాక్స్ సెంటర్ కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. విద్యార్థి తెచ్చిన ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల మెమో స్కాన్ చేసి, మూడింటినీ ఒకే పీడీఎఫ్‌గా కలపడానికి అక్కడి కుర్రాడు ఏదో ఒక వెబ్‌సైట్ తెరుస్తాడు. ఆ పేజీలో డౌన్‌లోడ్ అని రాసి ఉన్న పచ్చటి బటన్లు మూడు కనిపిస్తాయి. అందులో రెండు ప్రకటనలు, ఒక్కటే అసలుది. తప్పు బటన్ నొక్కితే బ్రౌజర్‌లో ఏదో ఎక్స్‌టెన్షన్ వచ్చి కూర్చుంటుంది, ఆ సాయంత్రం నుంచే స్క్రీన్ మూలన లాటరీ ప్రకటనలు మొదలవుతాయి. సరైన బటన్ నొక్కినా ఆ విద్యార్థి ఆధార్ ఎవరిదో తెలియని సర్వర్‌కు చేరిపోయింది. ప్రకటన అంటే చిరాకు మాత్రమే అనుకునేవారు క్యామ్‌స్కానర్ ఉదంతాన్ని గుర్తుచేసుకోవాలి. 2019 ఆగస్టులో ఆ యాప్‌లో హానికర ప్రోగ్రామ్ ఉన్నట్టు క్యాస్పర్‌స్కీ నిపుణులు కనిపెట్టారు. అది దాగి ఉన్న చోటు యాప్‌లో ప్రకటనలు చూపడానికి చేర్చిన భాగం. తరవాత 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఒకటి.

డబ్బు పెట్టి కొన్నవారికి కూడా ప్రకటనల బెడద తప్పడం లేదన్నది నన్ను ఎక్కువ బాధించే విషయం. 2024 ఏప్రిల్ అప్‌డేట్‌తో విండోస్ 11 స్టార్ట్ మెనూలోకి యాప్‌ల ప్రచారం వచ్చింది. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, ఆ కింద స్టార్ట్ తెరిచి సిఫారసులు చూపే మీటను ఆపితే అది పోతుంది. చాలా ఫోన్లలో లాక్ స్క్రీన్ కథనాలకూ రికమెండేషన్లకూ ఇలాంటి మీటలే ఉంటాయి, వెతికి ఆపాలి. 

ఇక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టుతో మొదలై, 1991లో లినస్ టోర్వాల్డ్స్ రాసిన, విండోస్‌లా కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌తో ఊపందుకున్న ఈ దారిలో, ప్రోగ్రామ్‌ను వాడుకోవడానికి, పంచుకోవడానికి, లోపల ఏముందో చూసి మార్చుకోవడానికి లైసెన్సే హక్కు ఇస్తుంది. గడువు లేదు, కీ లేదు, రెన్యువల్ లేదు. కంపెనీ చేతులెత్తేసినా పని ఎలా సాగుతుందో, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ లాంటి పనులే చేసే లిబ్రేఆఫీస్ చరిత్రే చూపిస్తుంది. ఓపెన్‌ఆఫీస్ భవిష్యత్తుపై అనుమానం వచ్చినప్పుడు, 2010లో దాన్ని రాస్తున్నవారు డాక్యుమెంట్ ఫౌండేషన్ పేరుతో బయటికి వచ్చి అదే కోడ్‌ను లిబ్రేఆఫీస్‌గా కొనసాగించారు. దానికి పూర్తిగా ఎదురు కథ మన డీటీపీ సెంటర్లలోనే ఉంది. పేజీలు కూర్చే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అడోబీ ఎప్పుడో వదిలేసిన ఆ ప్రోగ్రామ్‌లోనే ఇప్పటికీ కరపత్రాలు, ప్రశ్నపత్రాలు కూర్చేవారున్నారు. ఆ ఫైళ్లను లిబ్రేఆఫీస్ డ్రా 4.4 వెర్షన్ నుంచి తెరవగలుగుతోంది. వదిలేసిన కంపెనీ చేయని పనిని ఎవరో స్వచ్ఛందంగా చేశారు.

తెరిచినంత మాత్రాన తెలుగు కనిపించదు, ఇక్కడే మన అసలు చిక్కు ఉంది. అను వంటి పాత ఫాంట్లు, ప్రతి అక్షరానికీ ఎక్కడైనా ఒకే సంకేతం ఉండే యూనికోడ్ పద్ధతివి కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చే పద్ధతి వాటిది. ఎంఫిల్ రోజుల్లో అనులో కొట్టించుకున్న సిద్ధాంత గ్రంథాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకొని వేరే ఊరి సెంటర్‌కు పోతే తెర నిండా అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు కనిపించేది అందుకే. అందువల్ల సాఫ్ట్‌వేర్ మార్చడం కన్నా ముందు యూనికోడ్‌కు మారాలి. మండలి, రామభద్ర, సూరన్న వంటి స్వేచ్ఛా లైసెన్స్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, వాటిని పుస్తకాల్లోనూ వాడుకోవచ్చు. అనులో యాపిల్ అనే కీబోర్డు అమరికకు అలవాటుపడ్డ వేళ్లకు కొత్తది నేర్పవలసిన అవసరం కూడా లేదు. లినక్స్‌లోని ఎం17ఎన్ టైపింగ్ పద్ధతుల్లో యాపిల్, ప్రభుత్వ ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్, రెండు అమరికలూ ఉన్నాయి. పేజీల కూర్పుకు స్క్రైబస్ 1.6 తెలుగు వంటి లిపులను సరిగా చూపిస్తుంది.

లోపాలు చెప్పకపోతే ఇది తూకం కాదు. ఫ్లెక్సీ ముద్రించేవారు కోరెల్‌డ్రా ఫైలే కావాలంటే స్వేచ్ఛా డిజైన్ ప్రోగ్రామ్ ఇంక్‌స్కేప్‌తో పని జరగదు. వేలిముద్ర యంత్రాలకూ డిజిటల్ సంతకపు టోకెన్లకూ డ్రైవర్లు ఎక్కువగా విండోస్ కోసమే వస్తాయి. సెంటర్లలో విరివిగా కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్రింటర్‌కు లినక్స్‌లో అదనంగా ఒక ప్లగిన్ దించుకోవాలి. క్లిష్టమైన వర్డ్ ఫైళ్లలో పట్టికలు అటూ ఇటూ జరుగుతాయి.

అందుకే దుకాణానికి నా సలహా ఇది: ప్రెస్‌కు ఫైళ్లు పంపే ఒక్క యంత్రానికి, వేలిముద్ర పని జరిగే మరో యంత్రానికి డబ్బు పెట్టి అసలైన విండోస్, అవసరమైన ప్రోగ్రామ్‌కు ఒకేసారి కట్టే లైసెన్స్ తీసుకోండి. టైపింగ్, స్కానింగ్, ప్రింటింగ్‌కు వాడే మిగతా పాత యంత్రాల్లో 2029 దాకా అప్‌డేట్లు వచ్చే లినక్స్ మింట్ 22, లిబ్రేఆఫీస్, పీడీఎఫ్‌లను నెట్‌తో పని లేకుండా కలిపే పీడీఎఫ్ అరేంజర్, ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టండి. ఆధార్ కాగితాలు అప్పుడు దుకాణం గడప దాటవు. ఇంటికి విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్ ఉంటే దానిమీద ఆఫీస్ చందా కట్టకుండా లిబ్రేఆఫీస్‌తో మొదలుపెట్టండి, పిల్లల కాలేజీ ప్రత్యేకంగా ఏదైనా ప్రోగ్రామ్ కోరితేనే కొనండి. చందాలను వదిలేసే ముందు మాత్రం అందులోని ఫైళ్లన్నిటినీ లిబ్రేఆఫీస్ వాడే ఓడీఎఫ్ ఫైలు రూపంలోనూ పీడీఎఫ్‌లోనూ దాచుకోవాలి. అను, పేజ్‌మేకర్ ఫైళ్ల కోసం ఒక పాత యంత్రాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఉంచి, పాత గిరాకీ వచ్చినప్పుడల్లా ఆ ఒక్క ఫైలును యూనికోడ్‌లోకి మార్చి భద్రపరచండి. ఆ యంత్రానికి నెట్ కనెక్షన్ మాత్రం ఇవ్వవద్దు.