యాడ్ చూసి ఒక షోరూముకి పోయినాం, కారు మాత్రం ఇంకోచోట కొన్నాం

అనంతపురంలో బెంగళూరు రోడ్డు మీదున్న ఒక కార్ల షోరూము గురించి ఈ రివ్యూ. పేరు రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్క షోరూముకే ఉన్న జబ్బు కాదు. అయినా నేను రాయాలనుకున్నది షోరూము కన్నా ఎక్కువగా మమ్మల్ని అక్కడిదాకా తీసుకుపోయిన టీవీ యాడ్ గురించి.

ఆ యాడ్‌లో ఒక చిన్నపాప స్కూలుకి బయల్దేరుతుంది, వాళ్ళ నాన్న సీటు బెల్టు పెట్టుకోడు, పాప బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఉలకదు పలకదు, ఆయన బెల్టు పెట్టుకున్నాకే నవ్వుతుంది. అంతే. చివర్లో కంపెనీ గుర్తు తప్ప కారు గురించి ఒక్క ముక్క ఉండదు. మా చిన్నదానికి ఎనిమిదేళ్ళు, అది ఈ యాడ్‌ని అచ్చంగా పట్టేసింది. మా పాత ఆల్టోలో బెల్టు పెట్టకుండా తాళం తిప్పితే చేతులు కట్టుకుని కూర్చునేది, వాళ్ళ తాతని కూడా వదల్లేదు. కొత్త కారు మాట వచ్చేసరికి ఇంట్లో అందరి నోటా ఆ కంపెనీ పేరే. ఆదివారం పూట, అదీ అనంతపురం ఎండలో, నలుగురం బయల్దేరి పోయినామంటే యాడ్ పనిచేసినట్టే కదా.

తలుపు తియ్యగానే ఆ పాప నిలువెత్తు బొమ్మ. లోపల చల్లగా ఉంది, చల్లటి మజ్జిగ ఇచ్చినారు, మర్యాదకేం లోటు లేదు. మా నాయన కుర్చీలో సర్దుకోకముందే "ఏమప్పా, మైలేజీ ఎంతిస్తాది?" అని అడిగినాడు. ఇంక చూస్కోండి, అక్కడి నుంచి గంటసేపు మైలేజీ, ఆన్‌రోడ్ ధర, పాత బండికి ఎంతిస్తారు, ఈఎంఐ ఎంత, నెలాఖరులోపు బుక్ చేస్తే ఏం తగ్గిస్తారు, ఇవే. మధ్యలో నేను, కారుని గుద్దించి చూసే క్రాష్ టెస్టులో అయిదుకి ఎన్ని స్టార్లు వచ్చినాయి అని అడిగితే సేల్స్ అబ్బాయి "బాడీ గట్టిది సార్, మీరే చూడండి" అని డోరు మీద టకటకా కొట్టి చూపించినాడు. పుచ్చకాయ బేరం అనుకున్నాడేమో.

టెస్ట్ డ్రైవ్ బండి ఎక్కి బెల్టు లాగితే రాలేదు. తిరిగి చూస్తే సీటు వీపు వెనక నుంచి చుట్టి తెచ్చి ముందే బకిల్‌లో దూర్చేసి ఉంది, అలారం మోగకుండా! వెనక సీట్లోంచి మా పాప "అన్నా, ఇట్లా పెట్టకూడదు కదా" అంది. ఆ అబ్బాయి సిగ్గుపడుతూనే "రోజుకి పదిమంది వస్తారు పాపా, ఆ కుయ్ కుయ్ వినలేక" అన్నాడు. అద్దంలోంచి ఆ బొమ్మ మమ్మల్నే చూస్తా ఉంది.

ఆ అబ్బాయిని ఒక్కణ్ణే అనడం అన్యాయం. బెల్టు బదులు బకిల్‌లో దూర్చి అలారం నోరు మూయించే క్లిప్పులు మన దేశంలో ఆన్‌లైన్‌లో ఎంత బాహాటంగా అమ్మేవారంటే, 2023లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు పెద్ద వెబ్‌సైట్లకి ఆదేశాలిచ్చి తీయించేస్తే మొత్తం 13,118 లిస్టింగులు తేలినాయి. బెల్టు లేకపోతే 1,000 రూపాయల జరిమానా, ఆ క్లిప్పు చూస్తే దానిలో చిన్న ముక్కంత ఖరీదు. ఇంకోటి, యాడ్ తీసినవాళ్ళు ఎక్కడో ఉంటారు, వాళ్ళకి అవార్డు వస్తే చాలు. ఈ అబ్బాయికి మాత్రం నెలకి ఇన్ని బుకింగులని టార్గెట్. పాప బొమ్మ గురించి అతనికి ఎవరూ ఏమీ చెప్పి ఉండరు.

మంచిమాట చెప్పి బండ్లు అమ్మడం బయట దేశాల్లో ఎప్పటినుంచో ఉంది. ఫోక్స్‌వ్యాగన్ అమెరికాలో "క్లీన్ డీజిల్" అని ఊదరగొట్టింది, పర్యావరణం మీద ప్రేమతో కొన్నవాళ్ళూ ఉన్నారు. తీరా 2015లో చూస్తే, పొగ పరీక్ష జరుగుతున్నప్పుడు కనిపెట్టి ఆ కాసేపే బుద్ధిగా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టినారు, ప్రపంచం మొత్తంలో 1.1 కోట్ల బండ్లలో! మన దగ్గర 2022లో ఆరు ఎయిర్‌బ్యాగులుండాలని అక్షయ్ కుమార్‌తో ఒక ప్రకటన వచ్చింది. అది ప్రభుత్వానిది, ఏ కంపెనీదీ కాదు. అందులో పెళ్ళికూతుర్ని కారెక్కించి అప్పగింతలు పెడుతుంటారు, దాంతో జనం ఎయిర్‌బ్యాగులు వదిలేసి, ఆ కారు అల్లుడికిచ్చినట్టుందని "ఇది కట్నాన్ని సమర్థించడం కాదా" అని పట్టుకున్నారు. చెప్పాలనుకున్నది ఒకటి, జనానికి ఎక్కింది ఇంకొకటి.

అట్లాగని మనవాళ్ళకి సేఫ్టీ అక్కర్లేదని నేననను. 2018 చివర్లో టాటా నెక్సాన్‌కి గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ చేసే క్రాష్ టెస్టులో 5 స్టార్లు వచ్చినాయి, మన దేశంలో తయారైన కార్లలో అదే మొదటిది. అప్పటి నుంచి టీ అంగడి దగ్గర కూడా స్టార్ల లెక్క మొదలైంది. 5 స్టార్ల టాటా పంచ్ 2024లో దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయింది. అది చూసి మురిసిపోదామా అంటే, ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఆర్థిక సంవత్సరం లెక్క తీస్తే 2024-25లో మొదటి స్థానం మళ్ళీ మారుతి వ్యాగన్ఆర్‌ది, దానికి 2023లో ఇదే టెస్టులో వచ్చింది 1 స్టారు! మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో తయారయ్యే కియా సెల్టోస్‌కి 2020లో ఇచ్చింది 3 స్టార్లే, అయినా "మనూరి బండి" అని కొన్నవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు. ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసే మేనల్లుడు అమ్మినన్ని బండ్లు ఏ యాడూ అమ్మలేదు మా వైపు. కాబట్టి స్టార్లు అమ్ముతాయి, కానీ ధర, మైలేజీ, సర్వీస్ సెంటరు ఎంత దూరం, వీటితో పాటు వరసలో నిలబడి అమ్ముతాయి. ఒట్టి కన్నీళ్ళ యాడ్‌కి ఆ వరసలో చోటు కూడా లేదు.

చివరికి మేం కొన్నది వేరే కంపెనీ కారు. దానికి యాడ్ ఉందో లేదో కూడా మాకు గుర్తు లేదు. అక్కడి అబ్బాయి అడక్కముందే భారత్ ఎన్‌క్యాప్, అంటే మన దేశం క్రాష్ టెస్టు కాగితం చేతిలో పెట్టినాడు, పిల్లల సీటు బిగించే కొక్కేలు ఎక్కడున్నాయో మా ఆవిడ చేత తడిమించి చూపించినాడు, మా నాయనకి మైలేజీ కూడా చెప్పినాడు. అంటే మొదటి కంపెనీ లక్షలు పోసి మా పాపకి బెల్టు నేర్పితే, ఆ చదువుకి ఫీజు ఇంకొకడు వసూలు చేసుకున్నాడు.

రెండో షోరూము కూడా దేవాలయమేం కాదు. యాక్సెసరీల ప్యాకేజీ అని సీటు కవర్లు అంటగట్టినారు. కసాపురం ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి తిరిగొస్తుంటే వెనక సీట్లో బెల్టు ఉంది, బకిల్ లేదు. కవరు కింద పూడ్చిపెట్టేసినారు. గుత్తి దగ్గర చెట్టు కింద బండి ఆపి, మా నాయన కవరు కిందికి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి ఒక్కొక్కటీ బయటికి లాగినాడు. ముందు సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్నచోట కూడా కవరు కుట్టేసి ఉంది, దానికి కోత పెట్టినవి వేరే ఉంటాయట, మర్నాడు పోయి గొడవ పెట్టుకుంటే మార్చినారు. కవర్లు వేయించుకునేవాళ్ళు ఈ రెండూ చూసుకోండి.

రేటింగు: యాడ్‌కి అయిదు. మొదటి షోరూముకి రెండు, అందులో ఒకటి ఏసీకి, ఒకటి మజ్జిగకి.