అమెరికాలోని అలబామా రాష్ట్రంలో రెండు కౌంటీలు (మన జిల్లాల్లాంటివి): విన్‌స్టన్, లౌండ్స్

ఉత్తరాన ఉన్న విన్‌స్టన్‌లో కొండలు, అడవి, సారం లేని నేల. పెద్ద పత్తి తోటలు లేవు కాబట్టి బానిసలూ తక్కువే. 1861లో రాష్ట్రం అమెరికా యూనియన్ నుంచి విడిపోతుంటే ఇక్కడి ప్రతినిధి క్రిస్టఫర్ షీట్స్ ఆ తీర్మానంపై సంతకం పెట్టనన్నారు. 2020లో జనాభా 23,540, ఎక్కువమంది తెల్లవాళ్లే. ట్రంప్‌కి 90 శాతం దాకా ఓట్లు!

లౌండ్స్‌ది మన నల్లరేగడి లాంటి నేల. పత్తి బాగా పండింది, బానిసత్వమూ దాంతోపాటే వేళ్లూనుకుంది. 2020లో జనాభా 10,311, నలుగురిలో దాదాపు ముగ్గురు నల్లజాతివారు. 1965 మొదట్లోనైతే నల్లజాతివారిలో ఒక్కరి పేరూ ఓటర్ల జాబితాలో లేదు. 1966లో నల్ల చిరుత గుర్తుతో సొంత పార్టీ పెట్టి పోటీ చేసి ఓడారు. 1970లో వాళ్ల నాయకుడు జాన్ హ్యూలెట్ షెరీఫ్‌గా (కౌంటీ పోలీసు అధిపతిగా) గెలిచారు. ఇప్పుడక్కడ డెమోక్రాట్లదే పైచేయి. కానీ నీళ్లు ఇంకని ఆ బంకమట్టిలో సెప్టిక్ ట్యాంకుల బాధ మాత్రం తీరలేదు.