పుట్టినరోజు పువ్వు: జాబితాలోదా, పెరట్లోదా?

పుట్టిన నెలను బట్టి, నెలకో పువ్వు చొప్పున ఉండే జాబితా చాలామంది చూసే ఉంటారు. జనవరికి కార్నేషన్, మార్చికి డాఫొడిల్, నవంబర్‌కి చామంతి. బుర్ర పెట్టే పనే లేదు. లాకెట్ మీదకో, గ్రీటింగ్ కార్డు మీదకో అది చాలు. ఊరు మారినా పువ్వు మారదు, అదో సుఖం.

చిక్కల్లా ఆ పువ్వును మొక్కకు చూడాలనుకున్నప్పుడే. డాఫొడిల్ దుంపకు కొన్ని వారాల పాటు చలి తగలందే మొగ్గ రాదు. వేడి ప్రాంతాల వాళ్లకు అది బొమ్మల్లో పువ్వే. దక్షిణార్ధగోళంలోనైతే మార్చికి చలికాలం ఇంకా రానే లేదు, దుంపలు అప్పుడప్పుడే నాటుతుంటారు.

నా ఓటు చుట్టుపక్కల పూసేదానికే. పుట్టినరోజు వారంలో వీధి చెట్లు, గోడవార కలుపు మొక్కలు కూడా వదలకుండా ఓ చూపు చూడండి. మందారం లాంటివి వెచ్చటి చోట్ల దాదాపు ఏడాదంతా పూస్తాయి కాబట్టి వాటికి 'మన రోజు' అన్న ముచ్చట ఉండదు. పారిజాతం అలా కాదు. చీకటి పడ్డాక విచ్చుకుని, తెల్లారేసరికి నారింజ రంగు కాడతో సహా నేల మీద ఉంటుంది. లేటుగా లేచేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది!

ఇందులోనూ ఓ టెన్షన్ ఉంది. వానలు, ఎండలు అటూ ఇటూ అయితే పూత కూడా ముందుకో వెనక్కో జరుగుతుంది. అందుకని రెండు మూడు రోజుల్లో ముగిసేది కాకుండా, నెల రోజులైనా పూసేదాన్ని ఎంచుకుంటే ఏ ఏడాదీ ఇబ్బంది ఉండదు.