ఎస్ఎస్ఎల్‌-1 పికప్‌లు: ఆరేళ్ళ వాడకం తర్వాత

సీమోర్ డంకన్ ఎస్ఎస్ఎల్‌-1 సెట్టు (స్ట్రింగ్ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే మూడు పికప్‌లు) నా స్ట్రాట్‌లో, అంటే ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటారులో, బిగించి ఆరేళ్ళు దాటింది. పాతకాలపు స్ట్రాట్ గొంతు కావాలనుకునేవాళ్ళకు ఇది మంచి ఎంపికే. కాకపోతే కొనేముందు చూడాల్సింది రెసిస్టెన్స్ చెప్పే కిలో ఓముల అంకె కాదు, పికప్‌లోని అయస్కాంతపు కడ్డీల ఎత్తు.

ముందు ఆ అంకె సంగతి. 1954 నాటి స్ట్రాట్ పికప్‌లో రెండు ఫైబర్ పలకలు, వాటి మధ్య ఆరు ఆల్నికో (అయస్కాంత లోహమిశ్రమం) కడ్డీలు, చుట్టూ 42 గేజి రాగి తీగ దాదాపు ఎనిమిది వేల చుట్లు ఉండేవి. ఈ సెట్టు తయారీ కూడా అదే పద్ధతి, కడ్డీలు ఆల్నికో 5. మీటరు పెడితే ఒక్కోటి ఆరున్నర కిలో ఓముల అటూఇటుగా చూపిస్తుంది. అయితే రాగి వేడెక్కితే డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఏసీ గదిలో 20 డిగ్రీల దగ్గర 6.0 చూపించిన పికప్పే మే నెల విజయవాడ ఎండలో 6.5 చూపిస్తుంది. సన్నటి 43 గేజి తీగ చుట్టినా అంకె పెరుగుతుంది, శబ్దం మాత్రం ఆ లెక్కన పెరగదు. అందుకే 5.8కీ 6.2కీ తేడా గురించి జరిగే వాదనలు నాకు కాలక్షేపంలాగే అనిపిస్తాయి.

ఇక కడ్డీల ఎత్తు. ఇందులో కడ్డీలు హెచ్చుతగ్గులుగా ఉంటాయి, జి స్ట్రింగ్ కింద కడ్డీ బాగా పైకి ఉంటుంది. జి స్ట్రింగ్‌కు కూడా చుట్టు తీగ ఉన్న రోజుల్లో, 7.25 అంగుళాల రేడియస్ (బాగా వంపు తిరిగిన) ఫ్రెట్‌బోర్డు కోసం చేసిన ఏర్పాటిది. ఇప్పుడు అందరం వేసే 10-46 సెట్టులో జి సాదా తీగ. దాంతో జి మోగిపోతుంది, బి వెనకబడుతుంది. వంపు తక్కువుండే 9.5 లేదా 12 అంగుళాల బోర్డు మీద ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. గమకాలు ఎక్కువగా జి, బి మీద లాగేవాళ్ళు కడ్డీలన్నీ ఒకే ఎత్తులో ఉండే ఎస్ఎస్ఎల్‌-2 తీసుకోవడమే మేలు. జి కడ్డీని వేలితో కిందికి నొక్కి సరిచేద్దామని మాత్రం చూడకండి. ఈ రకంలో తీగ కడ్డీలకు ఆనుకునే చుట్టి ఉంటుంది. కడ్డీ కదిలితే లోపలి చుట్టు తెగుతుంది, పికప్ పనికిరాకుండా పోతుంది.

పికప్ ఎత్తు దగ్గరే చాలామంది పొరబడతారు. చివరి ఫ్రెట్ నొక్కిపట్టి స్ట్రింగ్ అడుగు నుంచి కడ్డీ తల దాకా కొలవండి: లావు ఇ వైపు 2.4 మిల్లీమీటర్లు, సన్న ఇ వైపు 2 మిల్లీమీటర్లు. శబ్దం పెంచుదామని ఇంకా దగ్గరికి తెస్తే అయస్కాంతం స్ట్రింగ్‌ను లాగుతుంది. లావు ఇ మీద 12వ ఫ్రెట్ దాటాక స్వరం వణుకుతుంది, ఒకే నోటు రెండు శ్రుతుల్లో పలికినట్టుంటుంది. ఇంటోనేషన్ (ఫ్రెట్లంతటా శ్రుతి కుదిరేలా చేసే సర్దుబాటు) ఎంత సరిచేసినా కుదరదు. నెక్ పికప్ (గిటారు మెడ వైపుది) దించితే అదే పోతుంది.

గొంతు విషయానికొస్తే, నెక్ గుండ్రంగా, తేటగా పలుకుతుంది. దీన్ని కొనడానికి ఆ ఒక్కటి చాలు. బ్రిడ్జి పికప్ (స్ట్రింగ్స్ బిగించే బ్రిడ్జి దగ్గరిది) ఒంటరిగా మోగితే చెవిలో గుచ్చుతుంది, పైగా పాత వైరింగులో దానికి టోన్ నాబ్ ఉండదు. స్విచ్ మీద రెండో టోన్ కాలు నుంచి బ్రిడ్జి కాలుకు చిన్న తీగ ముక్క టంకం వేస్తే ఆ బాధ తీరుతుంది. వాల్యూమ్‌కు 250 కె పొటెన్షియోమీటరే ఉంచండి. కేబుల్ కూడా లెక్కలోకి వస్తుంది. మామూలు కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు. ఆరు మీటర్ల కేబుల్‌తో మెరుపు (పికప్ గట్టిగా పలికే రెజొనెన్స్ శిఖరం) దాదాపు 3.9 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటే, పది మీటర్లతో 3.1కి దిగుతుంది. గొంతు మొద్దుబారిందని పికప్‌లు మార్చేముందు పొట్టి కేబుల్ ఒకటి పెట్టి చూడండి.

హమ్ ఉంటుంది, సింగిల్ కాయిల్‌తో అది తప్పదు. మధ్య పికప్ ఆర్‌డబ్ల్యూ/ఆర్‌పీ రకం (తీగ చుట్టు, అయస్కాంత ధ్రువం రెండూ తిరగేసినది) అడిగి తీసుకుంటే స్విచ్ 2, 4 స్థానాల్లో హమ్ పోతుంది. లోపల రాగి రేకు అంటిస్తే ట్యూబులైట్ల గరగర తగ్గుతుంది గానీ ట్రాన్స్‌ఫార్మర్ హమ్ తగ్గదు. స్ట్రింగ్స్ ముట్టుకోగానే గరగర ఆగితే వైరింగు సరిగ్గా ఉన్నట్టే. ముట్టుకుంటే జివ్వుమంటే మాత్రం ఇంటి ఎర్తింగులోనో యాంప్‌లోనో లోపం. అది సరయ్యే దాకా ప్లగ్ పెట్టొద్దు.

పాత పికప్‌లలో ఒకటి ఉంచి రెండే మార్చేవాళ్ళు టంకానికి ముందే ఫేజ్ (పికప్‌ల సంకేతాలన్నీ ఒకే దిశలో ఉన్నాయా అన్నది) చూసుకోవాలి. మీటరు 20 కె మీద పెట్టి, స్క్రూడ్రైవరు మొన కడ్డీలకు ఆనించి చటుక్కున తీయండి. అంకె మూడింటిలోనూ ఒకే వైపు గెంతాలి. ఒకటి ఎదురు గెంతితే, ఆ పికప్‌కు నల్ల తీగ, తెల్ల తీగ తారుమారు చేసి బిగించండి.